పాఠం పేరు కాదు, పిల్లల తప్పు చెప్పండి: ఏఐతో పాఠం ప్లాన్ చేసుకోవడం గురించి ఒక లెక్కల సార్ మాటలు

(మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక గణితం స్కూల్ అసిస్టెంట్ మాట్లాడింది ఫోన్‌లో రికార్డ్ చేసి టైప్ చేశాం, ఆ రోజు రాలేనివాళ్లు చదువుకుంటారని. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆయన అన్నది అన్నట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. హెచ్ఎం గారికి, సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) గారికి, సార్లకి, మేడమ్‌లకి. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు లోపలికి వచ్చేయండి సార్, కిటికీ పక్క బెంచీలు ఖాళీగానే ఉన్నాయి, ఎండలో ఎందుకు.

నాకు ఇచ్చిన టాపిక్ ఏఐ. ఏఐతో పాఠ్య ప్రణాళిక ఎలా రాసుకోవాలి, క్లాసులో ఎలా వాడాలి. ముందే ఒక మాట చెప్తాను, నేను కంప్యూటర్ చదువుకున్నవాణ్ని కాదు. బీఎస్సీ, బీఎడ్, లెక్కల టీచర్ని, అంతే. ఈ ఫోన్‌లోనే వాడతాను, ఇదిగో, ఇందులోనే. కాబట్టి నేను చెప్పేది ఒక లెక్కల టీచర్ క్లాసులో వాడి చూసి తెలుసుకున్నది, అలాగే తీసుకోండి.

ఒక చిన్న ప్రశ్న అడుగుతాను. ఇక్కడ ఎంతమంది ఇప్పటికే వాడుతున్నారు? చేతులెత్తండి. మొహమాటం వద్దు. ఆ, సగం మందికి పైనే. సరే, చేతులెత్తినవాళ్లు మొట్టమొదట ఏం టైప్ చేశారు? "ఆరో తరగతి భిన్నాలు లెసన్ ప్లాన్ ఇవ్వు", అవునా? "ఏడో తరగతి సైన్స్ ఫలానా పాఠం లెసన్ ప్లాన్ ఇవ్వు". అందరం అక్కడే మొదలుపెట్టాం. నేను కూడా అదే అడిగాను. చాట్‌జీపీటీ బయటికొచ్చింది 2022 నవంబర్ 30న, మన దాకా వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టింది, ఆ తర్వాత జెమినీ, కోపైలట్, ఇంకా బోలెడు. ఏది వాడినా ఆ ప్రశ్న అడిగితే వచ్చే జవాబు మాత్రం ఒకటే. ఉద్దేశాలు, ప్రేరణ, బోధన, పునశ్చరణ, మూల్యాంకనం, ఇంటిపని. చక్కగా వరసలో వస్తుంది. చదివితే బాగుంటుంది. ప్రింట్ తీసి ఫైల్‌లో పెడితే ఇంకా బాగుంటుంది.

కానీ దాన్ని పట్టుకుని క్లాసులోకి వెళ్లి చూడండి. మొదటి లైన్‌లోనే "ప్రొజెక్టర్ మీద పిజ్జా బొమ్మ చూపించండి" అని ఉంటుంది. ప్రొజెక్టర్ ఎక్కడుంది మన దగ్గర? పిజ్జా ఎవరు తిన్నారు మన క్లాసులో? "5 నిమిషాలు జట్లుగా చర్చించండి" అంటుంది, 34 మంది పిల్లలు బెంచీలు జరుపుకుని జట్లుగా కూర్చునేసరికే 10 నిమిషాలు అయిపోతుంది, ఇది మీకు తెలుసు నాకు తెలుసు, దానికి తెలియదు. ఎందుకు తెలియదు? మనం చెప్పలేదు కాబట్టి. మనం చెప్పింది పాఠం పేరు ఒక్కటే. పాఠం పేరు చెప్తే పాఠం పేరుకి తగ్గ ప్లాన్ వస్తుంది. మన పిల్లలకి తగ్గ ప్లాన్ కావాలంటే మన పిల్లల గురించి చెప్పాలి కదా.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే అండి. మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదు. పాఠం పేరు చెప్పకండి, పిల్లలు చేసిన తప్పు చెప్పండి. మళ్లీ చెప్తున్నాను, పిల్లలు చేసిన తప్పు చెప్పండి.

ఎలాగో చూపిస్తాను. పోయిన ఏడాది ఆరో తరగతిలో భిన్నాల కూడిక చెప్పాను. మూడు పీరియడ్లు చెప్పాను. నాలుగో రోజు బోర్డు మీద 1/3 + 1/4 రాసి అందరూ నోట్‌బుక్‌లో చేయండి అన్నాను. తిరిగి చూస్తే 34 మందిలో 19 మంది 2/7 అని రాశారు. పైన పైన కలిపేశారు, కింద కింద కలిపేశారు. లెక్కల టీచర్లు నవ్వుతున్నారు, మీకందరికీ తెలిసిన తప్పే ఇది, ప్రతి ఏడాది వస్తుంది, మా సార్లు మాకు చెప్పినప్పుడు కూడా వచ్చే ఉంటుంది. ఇంకో 6 మంది క.సా.గు. సరిగ్గానే తీశారు, హారం 12 రాశారు, కానీ పైన 1, 1 అలాగే ఉంచి కలిపి 2/12 అన్నారు. 9 మందికి సరిగ్గా వచ్చింది, 7/12.

ఆ రోజు ఇంటికి వెళ్లి నేను ఏం టైప్ చేశానో అలాగే చదువుతాను, ఫోన్‌లో ఉంది. టైప్ చేశాను అంటున్నా గానీ నిజానికి మాట్లాడాను, కీబోర్డు మీద మైక్ గుర్తు ఉంటుంది చూడండి, అది నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటుంది, తెలుగు టైపింగ్ రాదని ఎవరూ ఆగిపోవాల్సిన పని లేదు. వినండి.

"నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతికి గణితం చెప్తాను. 34 మంది పిల్లలు. పీరియడ్ 45 నిమిషాలు. బోర్డు, చాక్‌పీస్, పాత పేపర్లు తప్ప వేరే సామాను లేదు. భిన్నాల కూడిక చెప్పాక 19 మంది 1/3 + 1/4 = 2/7 అని రాశారు, 6 మంది 2/12 అని రాశారు, 9 మంది సరిగ్గా చేశారు. 2/7 అని రాసిన పిల్లలు ఏం ఆలోచిస్తూ ఉండి ఉంటారు? అది తప్పని నేను చెప్పకుండా వాళ్లకే అర్థమయ్యేలా రేపు ఏం చేయాలి? ఇంట్లో జొన్న రొట్టెలు చేస్తారు, పొలం పనులు తెలుసు, ఆ ఉదాహరణలే వాడు. లవం, హారం, సజాతి భిన్నాలు, విజాతి భిన్నాలు, ఈ మాటలే వాడు."

అంతే. పెద్ద మంత్రం ఏమీ లేదు ఇందులో. పక్క స్కూల్లో ఉన్న అనుభవం గల టీచర్‌కి ఫోన్ చేసి మన బాధ చెప్పుకుంటే ఎలా చెప్తామో అలా చెప్పాను. దానికి వచ్చిన జవాబులో ఒక మాట నాకు చాలా నచ్చింది. "ముందు 1/2 + 1/2 అదే పద్ధతిలో చేయమనండి" అంది. చేయమంటే ఏమవుతుంది? పైన 1, 1 కలిపితే 2. కింద 2, 2 కలిపితే 4. 2/4. అంటే ఎంత? సగం. సగం రొట్టె, ఇంకో సగం రొట్టె, రెండూ కలిపితే సగం రొట్టె!

మరునాడు క్లాసులో అదే చేశాను. పాత పేపర్ గుండ్రంగా కత్తిరించి, సగం చేసి, ఒక ముక్క ఒకడికి, ఇంకో ముక్క ఇంకొకడికి ఇచ్చి, ఇప్పుడు ఇద్దరివీ కలిపి పెట్టండి, ఎంతయింది అన్నాను. ఒక రొట్టె సార్. మరి మీ నోట్‌బుక్‌లో లెక్క ప్రకారం? ఒక్క క్షణం క్లాసంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కోసమే కదండీ మనం టీచర్లం అయింది. వాళ్లకి వాళ్లే, "సార్ కింద కలపొద్దా సార్?" అన్నారు. నేను తప్పు అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు.

తర్వాత బాగా చేసే 9 మందికి ఇంకో పని ఇచ్చాను. 2/7 పెద్దదా, 1/3 పెద్దదా చూడండి అన్నాను. 21 హారం చేస్తే 2/7 అంటే 6/21, 1/3 అంటే 7/21. అంటే 1/3 కి ఇంకోటి కలిపితే 1/3 కన్నా తగ్గిపోయింది! ఎట్లా తగ్గుతుంది? ఇది కూడా అదే జవాబులో వచ్చింది, సరిచూసుకుని వాడాను.

ఇప్పుడు చెప్పండి, 25 ఏళ్ల సర్వీస్ ఉన్న సార్లు ఇక్కడ ఉన్నారు, ఇది మీకు తెలియని పద్ధతా? మీరు ఎప్పుడో చేసే ఉంటారు. కొత్తగా వచ్చిన టీచర్‌కి, మండలంలో ఒక మూల ఒక్కడే ఉండి చెప్పుకునే టీచర్‌కి, రాత్రి 9 గంటలకి అడగడానికి ఎవరు ఉంటారు? అక్కడ పనికొస్తుంది ఇది.

అలాగే స్లిప్ టెస్ట్. బిట్లు ఇవ్వాలంటే నాలుగు ఆప్షన్లు కావాలి. సరైనది ఒకటి రాస్తాం, మిగతా మూడూ ఏదో నోటికొచ్చిన అంకెలు రాస్తాం, అవునా కాదా? దీన్ని ఇలా అడగండి: "ప్రతి తప్పు ఆప్షన్ పిల్లలు నిజంగా చేసే ఒక తప్పు నుంచి రావాలి, ఏ తప్పో పక్కన రాయి." అప్పుడు 1/3 + 1/4 కి ఆప్షన్లు 2/7, 2/12, 1/12, 7/12 అని వస్తాయి. 2/7 పెట్టినవాడు రెండూ కలిపేస్తున్నాడు. 2/12 పెట్టినవాడు లవం మార్చడం మర్చిపోయాడు. 1/12 పెట్టినవాడు కూడిక బదులు గుణకారం చేశాడు. పేపర్లు దిద్దడం అయిపోయేసరికి ఎవరికి ఏం చెప్పాలో మన చేతిలో ఉంటుంది. మార్కులు వేయడం వేరు, ఇది వేరు. నాకు ఇన్నేళ్లలో ఇంత ఉపయోగపడిన స్లిప్ టెస్ట్ ఇంకోటి లేదు.

గుంటల లెక్క

ఇప్పుడు నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. మంచి చెప్పినప్పుడు అది కూడా చెప్పాలి.

మన పిల్లలకి భిన్నాలు చెప్పడానికి పొలం లెక్కని మించింది లేదు. ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 చదరపు గజాలు. అర ఎకరం అంటే 20 గుంటలు, పావు ఎకరం అంటే 10 గుంటలు, ఆరో తరగతి పిల్లాడికి మనం చెప్పకముందే తెలుసు. నేను పొలం మీద లెక్కలు ఇవ్వు అని అడిగితే అది మొదట సెంట్లలో ఇచ్చింది. ఆంధ్రాలో అయితే సరిపోతుంది, అక్కడ ఎకరానికి 100 సెంట్లు. మన దగ్గర సెంటు అంటే పిల్లలకి ఒంటికి పూసుకునేదే తెలుసు. సరే గుంటల్లో ఇవ్వు, ఎకరానికి 40 గుంటలు అని చెప్పాను. ఇచ్చింది. 10 లెక్కలు, జవాబులతో సహా. నేను లెక్కలు చూశాను, బాగున్నాయి. జవాబులు చూడలేదు. అదీ నేను చేసిన పొరపాటు. టైం లేదు, ఆ రోజు ఇంకో సార్ లీవ్, ఆయన క్లాసు కూడా నేనే చూసుకోవాలి, నేరుగా తీసుకెళ్లి జవాబులు బోర్డు మీద రాసేశాను.

అందులో ఒక లెక్క. ఒక రైతుకి 2 ఎకరాల 10 గుంటలు ఉంది, అందులో 2/3 వంతు పత్తి వేశాడు, పత్తి ఎంతలో వేశాడు? ఇచ్చిన జవాబు 1 ఎకరం 40 గుంటలు.

ఒక పాప లేచి నిలబడింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని పాప. "సార్, 40 గుంటలైతే ఎకరమే కదా సార్. మా నాయిన ఎప్పుడు అట్ల అనడు సార్" అంది.

నిజమే కదా. 1 ఎకరం 40 గుంటలు అని ఎవరైనా అంటారా? అది 2 ఎకరాలు. మరి సరైన జవాబు ఎంత? 2 ఎకరాల 10 గుంటలు అంటే 90 గుంటలు, అందులో 2/3 అంటే 60 గుంటలు, అంటే 1 ఎకరం 20 గుంటలు. ఎకరంన్నర. మరి అది 1.40 ఎక్కడి నుంచి తెచ్చింది? 2 ఎకరాల 10 గుంటలని 2.10 అని రాసుకుంది, దాన్ని 2/3 తో గుణించింది, 1.40 వచ్చింది, దాన్ని మళ్లీ ఎకరం 40 గుంటలు అని చదివింది. చూశారా? ఎకరానికి 40 గుంటలు అని నేను చెప్పినా సరే, మధ్యలో దశాంశ భిన్నం లాగా చేసేసింది.

ఆ పాపని మెచ్చుకున్నాను, బోర్డు మీద జవాబు తుడిచేసి నాది పొరపాటు అని చెప్పాను, ఆ లెక్క ఆ పాపతోనే చేయించాను. కానీ ఆ రోజంతా నాకు ఆలోచన. ఆ పాప లేవకపోతే? 34 మంది అదే రాసుకుని వెళ్లేవాళ్లు. సార్ రాశాడు కదా అని. మెషీన్ రాసిందని వాళ్లకి తెలియదు, సార్ రాశాడనే తెలుసు. ఆ చాక్‌పీస్ నా చేతిలో ఉంది కాబట్టి ఆ జవాబు నాది. అప్పటి నుంచి జవాబులు ముందు నేను చేసుకుని, తర్వాతే దాని జవాబులతో పోల్చి చూస్తున్నాను. 10 లెక్కలకి 10 నిమిషాలు పడుతుంది. ఆ 10 నిమిషాలు లేకపోతే ఆ రోజు పుస్తకంలో లెక్కలే చెప్పుకుందాం, నష్టం లేదు.

అయితే ఆ పొరపాటులోంచే ఒక మంచి పాఠం దొరికింది నాకు. పట్టాదారు పాస్‌బుక్‌లో విస్తీర్ణం ఎలా రాస్తారు? 1.20 అని ఉంటుంది. అంటే ఎకరం 20 గుంటలు, అంటే ఎకరంన్నర. లెక్కల పుస్తకంలో 1.20 అంటే? ఒకటీ పాయింట్ రెండు. ఒకే రాత, రెండు అర్థాలు! పాస్‌బుక్‌లో 1.20 కి 1.25 కలిపితే 3 ఎకరాల 5 గుంటలు, 3.05 అని రాయాలి. దశాంశ భిన్నం అయితే 2.45. ఈ రెండిటి మధ్య తేడా మన పిల్లలకి ఎవరు చెప్తారు? పుస్తకంలో లేదు. ఏఐకి మనం చెప్తే గానీ తెలియదు. మన పిల్లాడు దశాంశాల్లో తప్పు చేస్తున్నాడంటే, వాడు ఇంట్లో నేర్చుకున్న పాస్‌బుక్ లెక్క వాడి తలలో ఉండి ఉండొచ్చు కదా, పాయింట్ తర్వాత ఉన్నది వేరే కొలత అనుకుంటున్నాడేమో కదా. నేను దాని మీద రెండు పీరియడ్లు చెప్పాను, ఇంట్లోంచి పాస్‌బుక్‌లో విస్తీర్ణం మాత్రం కాగితం మీద రాసుకుని రమ్మన్నాను, సర్వే నంబర్లు వద్దన్నాను. పిల్లలు అంత ఇష్టంగా దశాంశాలు చేయడం నేను ఎప్పుడూ చూడలేదు. ఈ పాఠం ప్లాన్ ఏ యాప్ ఇవ్వలేదు అండి. మన ఊరు ఇచ్చింది. ఆలోచన నాకు వచ్చాక, అదే తరహా లెక్కలు ఇంకో 15 తయారు చేయడానికి మాత్రం యాప్ సాయం చేసింది.

ఎందుకిలా తప్పులు చేస్తుంది అని అడుగుతారు. నాకు అర్థమైనంతలో చెప్తాను. అది లెక్క మనలాగా చేయడం లేదు. కోట్ల కొద్దీ పేజీలు చదివి, ఈ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువ అని అంచనా వేసుకుంటూ ముక్క ముక్కగా రాసుకుంటూ పోతుంది. ఇప్పుడు వచ్చేవి లెక్కల్లో బాగా మెరుగయ్యాయి, ఆ మాట కూడా చెప్పాలి. కానీ అది చదివిన పేజీల్లో తెలుగు ఎంత ఉంటుంది? ఒక్క వికీపీడియానే తీసుకోండి, ఇంగ్లీషులో దాదాపు 70 లక్షల వ్యాసాలు ఉన్నాయి, తెలుగులో లక్ష పైచిలుకు. ఇంగ్లీషులో అడిగితే ఒక రకంగా, తెలుగులో అడిగితే ఒక రకంగా జవాబు రావడానికి ఇదొక కారణం. మన గుంటలు, మన పాస్‌బుక్, మన పిల్లల మాట దాని చదువులో ఎంత ఉంటాయో మీరే ఊహించుకోండి.

మాటల దగ్గర కూడా అంతే. లవం అనాల్సిన చోట నాకు ఒకసారి "అంశం" అని రాసింది. హిందీ మాట అది. కిరణజన్య సంయోగక్రియ అని మనం చిన్నప్పటి నుంచి చెప్తుంటే "ప్రకాశ సంశ్లేషణ" అని వస్తుంది, అది కూడా హిందీ నుంచి వచ్చినదే. పిల్లాడు పుస్తకంలో ఒక మాట, వర్క్‌షీట్‌లో ఒక మాట చూస్తే ఏం కావాలి? దీనికి మన దగ్గర మంచి ఉపాయం ఉంది. మన పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పాఠం మొదలుపెట్టే ముందు ఆ రెండు పేజీలూ చూసి 10, 15 మాటలు జంటలుగా రాసుకోండి, ఇంగ్లీషు మాటకి పుస్తకంలో తెలుగు మాట. అడిగే ప్రతిసారి పైన అది అతికించి "ఈ మాటలే వాడు" అనండి. సగం గొడవ పోతుంది.

తెలుగు పండితులు ఉన్నారు ఇక్కడ, మీకు ఒక మాట. పద్యాలు మాత్రం దాన్ని అడగకండి. శతక పద్యం అడిగితే మకుటం సరిగ్గానే వేస్తుంది, పైన మూడు పాదాలు సొంతంగా అల్లేస్తుంది, ఎంత ధైర్యంగా అంటే నాలాంటివాడు నిజమే అనుకుంటాడు. మా స్కూల్ తెలుగు మేడం ఒకటి పట్టుకున్నారు. ఆటవెలది అంది కదా, గణ విభజన చేసి చూద్దాం అని కూర్చున్నారు. ఆటవెలదికి ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు ఉండాలి, రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్య గణాలే ఉండాలి. ఒక్క పాదం కూడా నిలబడలేదు. అప్పుడు మేడం ఏం చేశారో తెలుసా? ఆ దొంగ పద్యాన్నే తొమ్మిదో తరగతికి ఇచ్చి, ఇందులో గణాలు ఎక్కడ తప్పాయో పట్టుకోండి అన్నారు. పిల్లలు గురువు లఘువు గుర్తులు పెట్టుకుంటూ పోటీ పడి పట్టుకున్నారంట. ఇది నాకు భలే నచ్చింది.

సోషల్ వాళ్లు కూడా జాగ్రత్త. తెలంగాణలో జిల్లాలు ఎన్ని అని అడిగితే ఒకోసారి 31 అంటుంది. 2016 అక్టోబర్‌లో 31 చేశారు నిజమే, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. పాత సమాచారం పాతదని అది చెప్పదు. దగ్గరలో పుస్తకం ఉంటే పుస్తకం చూడండి.

మేడం ఏదో అడుగుతున్నారు, గట్టిగా చెప్పండి మేడం. ఆ. ఏకోపాధ్యాయ పాఠశాల, ఒక్కరే, ఐదు తరగతులు, మీరు చెప్పేది హైస్కూల్ వాళ్లకి, మా సంగతి ఏంటి అంటున్నారు. మేడం, నిజం చెప్పాలంటే దీని అవసరం మాకన్నా మీకే ఎక్కువ. మీరు ఒకటో తరగతికి అక్షరాలు చెప్తుంటే ఐదో తరగతి ఖాళీగా కూర్చుంటుంది, అదే కదా బాధ. మీరు ఇలా అడగండి: "ఒకే గదిలో ఐదు తరగతులు, 22 మంది, నేను ఒక్కదాన్నే. ఈ రోజు విషయం తీసివేత. నేను ఒకటి, రెండు తరగతులతో 20 నిమిషాలు కూర్చున్నప్పుడు మూడు, నాలుగు, ఐదు తరగతులు నా సాయం లేకుండా చేసుకునే పని చెప్పు, గింజలు, పుల్లలు, నేల మీద చాక్‌పీస్ గీతలతో." తొలిమెట్టు, అదే ప్రాథమిక తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరిచే మన రాష్ట్ర కార్యక్రమం, దాని కోసం మీరు ఎలాగూ పిల్లల్ని స్థాయిల వారీగా చూసి పెట్టుకున్నారు కదా, తరగతి బదులు ఆ స్థాయిలే చెప్తే ఇంకా మంచిది. ఒకటో తరగతి, ఐదో తరగతి అని కాకుండా, "రెండంకెల తీసివేత వచ్చినవాళ్లు 7 మంది, అప్పు తెచ్చుకోవడం దగ్గర ఆగినవాళ్లు 9 మంది" అని చెప్పండి. మళ్లీ అక్కడికే వచ్చాం చూడండి, పిల్లల తప్పు చెప్పడం. మన రాష్ట్రంలో 2025 నుంచి కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఏఐతో చదవడం, లెక్కలు చేయించడం మొదలుపెట్టారు, అది వేరే విషయం. నేను చెప్పేది టీచర్ వాడుకోవడం గురించి, దానికి ల్యాబ్ అక్కర్లేదు.

పేర్లు వద్దు

ఇది కాస్త సీరియస్‌గా చెప్తాను. నేను ఇందాక 19 మంది, 6 మంది అన్నాను. ఒక్క పేరు అయినా చెప్పానా? మీరు కూడా పేర్లు పెట్టకండి. నోట్‌బుక్ ఫోటో తీసి పెడితే పని సులువు, నిజమే, కానీ అట్ట మీద పేరు ఉంటుంది, పేజీ పైన రోల్ నంబర్ ఉంటుంది. ఆ భాగం మడిచి తీయండి. హాజరు రిజిస్టర్, ఆధార్, కులం, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఇవి ఎట్టి పరిస్థితుల్లో పెట్టకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, "ఫలానా పిల్లాడికి ఏమీ రాదు" అని వాడి పేరుతో సహా మనకి తెలియని చోట రాసి పెట్టడం న్యాయమేనా? మన మీద నమ్మకంతో పంపిస్తున్నారు కదా.

పిల్లలు వాడటం గురించి కూడా అడుగుతున్నారు. చిన్న పిల్లలకి ఇవ్వకండి. యునెస్కో 2023లో ఇచ్చిన సూచనల్లో కూడా 13 ఏళ్ల లోపు పిల్లలు వాళ్లంతట వాళ్లు వాడకూడదనే ఉంది. తొమ్మిది, పదో తరగతి వాళ్లు ఇంట్లో అన్న ఫోన్‌లో ఎలాగూ వాడుతున్నారు, ప్రాజెక్టులు అందులోంచే దించేస్తున్నారు, ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టులు దిద్దుతుంటే 5 పుస్తకాల్లో ఒకే వాక్యం కనిపిస్తుంది. దించారో లేదో పట్టుకునే యాప్‌లు ఉన్నాయి కదా అంటారు. వాటిని నమ్మి పిల్లాడిని దొంగని చేయకండి. చాట్‌జీపీటీ తయారు చేసిన కంపెనీయే 2023 జనవరిలో అలాంటిది ఒకటి పెట్టి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని జూలైలో తీసేసింది. దానికన్నా ప్రాజెక్టు మార్చడం మేలు. నేను తొమ్మిదో తరగతికి సాంఖ్యక శాస్త్రంలో ఏం ఇచ్చానంటే, మీ వీధిలో 10 ఇళ్ల కరెంటు బిల్లులో యూనిట్లు రాసుకొచ్చి సగటు, మధ్యగతం కట్టండి, రెండిటికీ తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాయండి అన్నాను. బోరు మోటార్ ఉన్న ఇల్లు ఒకటి ఉంటే సగటు ఎలా పైకి పోయిందో వాళ్లే చెప్పారు. వాళ్ల వీధి బిల్లులు ఏ యాప్‌కి తెలుసు? ఇళ్లకి తిరగాల్సిందే.

ఇంకొక్క విషయం చెప్పి ఆపేస్తాను, టైం అయిపోతోందని సీఆర్పీ గారు వాచీ చూపిస్తున్నారు. ప్లాన్ రాసుకునే పని తగ్గింది కదా అని మిగిలిన టైం మళ్లీ ఇంకో రిపోర్టుకి, ఇంకో ఫార్మాట్‌కి ఇచ్చేయకండి. నాకు వారానికి ఒక గంటన్నర మిగులుతోంది. ఆ గంటన్నర నేను నోట్‌బుక్‌లు దిద్దడానికి పెడుతున్నాను. టిక్ పెట్టి సంతకం చేయడం కాదు, ఎక్కడ ఆగాడు, ఎందుకు ఆగాడు అని చూడటం. అది చూస్తేనే కదా రేపు రాత్రి ఫోన్‌లో చెప్పడానికి నా దగ్గర ఏదైనా ఉండేది. నోట్‌బుక్ చూడని టీచర్ ఎంత మంచి యాప్ తెచ్చుకున్నా పాఠం పేరే అడగగలడు, అంతకన్నా అడగడానికి అతని దగ్గర ఏమీ ఉండదు.

సరే, మాటలు చాలు, చేసి చూద్దాం. ఫోన్లు తీయండి. నెట్ రానివాళ్లు పక్కవాళ్ల దాంట్లో చూడండి. ఎవరైనా ఒకరు ఈ వారం మీ క్లాసులో పిల్లలు చేసిన ఒక తప్పు చెప్పండి, ఏ సబ్జెక్ట్ అయినా పర్లేదు. ఆ, మూడో బెంచీలో మేడం. ఏంటి? 0.35 పెద్దదా 0.5 పెద్దదా అంటే 0.35 అన్నారా? ఎంతమంది? లెక్కపెట్టలేదా, పర్లేదు, సగం మంది అనుకుందాం. ఎందుకలా అంటున్నారు మేడం, మీకేమనిపిస్తోంది? 35 పెద్దది, 5 చిన్నది అనా? ఉండొచ్చు. మీ ఊళ్లో పాస్‌బుక్ లెక్క కూడా ఉండొచ్చు, 35 గుంటలు, 5 గుంటలు, అలా చూస్తే 35 పెద్దదే కదా. ఈ రెండిటిలో ఏదో తేల్చుకోవడానికి పిల్లల్ని ఏం అడగాలి? దాన్నే అడుగుదాం. మేడం, మీరు మైక్ నొక్కండి, మీ క్లాసు గురించి మీరే చెప్పండి, అందరం వింటాం.